చెనక్కాయ చేనికి సముద్రపు పాచి

గాండ్లపెంటకు సముద్రం దగ్గర లేదు. తూర్పున నెల్లూరు తీరం దాకా సూటిగా గీత గీసి కొలిచినా 200 కిలోమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. అయినా ఈ పక్క ఎరువుల అంగళ్లలో సముద్రపు పాచి రసం సీసాల్లో అమ్ముడుపోతోంది. రైతులు దాన్ని టానిక్కు అంటారు. కింది సంవాదంలో అల్లుడు ఎరువుల అంగడి నడుపుతూ చెనక్కాయ, టమోటా పెట్టే రైతు. మామ వృక్షశాస్త్రం చెప్పి రిటైరైన మాస్టారు. మాట్లాడేవాళ్లు కల్పితం, వాళ్లు మాట్లాడే సంగతులు కావు.

మామ: ఏం అల్లుడూ, అంగట్లో ఈ సీసాల వరస పెరిగిందే! యూరియా మూటలు వెనక్కి పోయి ఇవి ముందుకొచ్చినాయి.

అల్లుడు: అడిగేవాళ్లున్నారు, పెట్టినా మామా. ఇఫ్కో వాళ్ల సాగరిక మొదలుకొని ప్రైవేటు కంపెనీల దాకా అందరూ అమ్ముతున్నారు. చెనక్కాయ పూత మీదున్నప్పుడు ఒకసారి, ఊడలు దిగేటప్పుడు ఒకసారి కొడితే చేను పచ్చగా తిరుగుతుంది.

మామ: ఆకు పచ్చబడడం వేరు, కాయ పట్టడం వేరు. ఆకును చూసి మురిసిపోయి, పెరికినాక తల పట్టుకున్న రైతులు ఈ ఊళ్లో ఎంతమంది లేరు? ఇంతకీ ఆ సీసాలో ఏముందో చెప్పు.

అల్లుడు: మొక్క ఎదుగుదలను నడిపే హార్మోన్లు. ఆక్సిన్లు, సైటోకైనిన్లు, జిబ్బరెల్లిన్లు. వాటితోపాటు పొటాషియం, కొద్దికొద్దిగా సూక్ష్మ పోషకాలు. గుజరాత్‌లోని భావనగర్‌లో 1954 నుంచి కేంద్ర ఉప్పు, సముద్ర రసాయనాల పరిశోధన సంస్థ ఉంది గదా, వాళ్లు కప్పాఫైకస్ అనే ఎర్ర పాచిని పచ్చిగా ఉన్నప్పుడే నలిపి రసం తీసే పద్ధతి కనిపెట్టినారు. రసం చేనికి పోతుంది. మిగిలిన పిప్పి నుంచి క్యారజీనన్ తీస్తారు. ఐస్‌క్రీముల్లో, టూత్‌పేస్టులో చిక్కదనానికి కలిపేది అదే. ఏదీ వృథా కాదు. 2009లో అచ్చయిన ప్రయోగంలో వానాధారపు సోయాబీన్‌కు ఈ రసం కొడితే దిగుబడి 57 శాతం పెరిగింది. ఇది నా మాట కాదు, శాస్త్రవేత్తల మాట.

మామ: ఆ పత్రం నేనూ చూసినా. 57 శాతం పెరిగింది నూటికి 15 పాళ్ల రసం కొట్టిన మడిలో. నువ్వు లీటరు నీళ్లకు ఎంత పోయమంటున్నావు?

అల్లుడు: రెండున్నర మిల్లీ. అయితే వాళ్లు కొట్టింది పిండిన రసం, సీసాలోది చిక్కబరిచిన సరుకు. రెండిటినీ పక్కపక్కన పెట్టి లెక్కేయకూడదు.

మామ: నేననేదీ అదే. లెక్కేయకూడనప్పుడు ఆ 57ను నీ సీసాకు తగిలించకూడదు. అది సోయాబీను, ఇది చెనక్కాయ. ఆ నేల వేరు, మన ఎర్రనేల వేరు. చెనక్కాయకు ఇంకో తిరకాసు కూడా ఉంది. కాయ మట్టిలో ఊడ కొనకు పడుతుంది. దానికి కావలసిన కాల్షియంలో చాలా భాగాన్ని చుట్టూ ఉన్న మట్టి నుంచి నేరుగా పీల్చుకుంటుంది. ఆకు మీద ఏం కొట్టినా ఆ కాల్షియం కాయకు దిగదు. అందుకే పూత దశలో ఎకరాకు 200 కిలోల జిప్సం వేసి మన్ను ఎగదోయమంటారు. జిప్సం మానేసి టానిక్కు కొట్టడమంటే కడుపు మాడేవాడికి అన్నం పెట్టకుండా అరుగుదల మందు పోసినట్లే.

అల్లుడు: జిప్సం వద్దని నేనన్నానా? రెండూ అమ్ముతున్నా. కానీ జిప్సం పనిచేయాలన్నా నేలలో తేమ ఉండాల గదా. ఏడాదంతా కలిపి 550 మిల్లీమీటర్ల వాన పడే అనంతపురం సీమ మనది. ఆగస్టులో మూడు వారాలు చినుకు రాలకపోతే రైతు చేతిలో ఏముంటుంది? మొక్క బెట్టను తట్టుకోవడానికి పాచి రసం సాయపడుతుందని చాలా పంటల మీద చూసినారు. ఆ సమయంలో రైతుకు కావలసింది నాలుగు రోజుల ఊపిరి.

మామ: సాయపడొచ్చు, కాదనను. అదెంత, ఏ పంటకు, ఏ నేలలో అన్నది ఊరూరికీ మారుతుంది. మనకు పక్కనే కదిరి పరిశోధన స్థానం ఉంది. కదిరి-6 వంగడాన్ని ఇచ్చింది వాళ్లే. మన చేలకు ఏం పనిచేస్తుందో ముందు వాళ్లను అడుగు, ఆ తర్వాత కంపెనీ ఏజెంటు మాట విను. ఇంకోటి చెప్పు, ఈ సీసాల్లో నిజంగా పాచి రసమే ఉందని నీకెట్ల తెలుసు?

అల్లుడు: అది న్యాయమైన ప్రశ్న. కొన్నేళ్ల కిందటిదాకా ఎవరికీ తెలీదు. రంగునీళ్లు పోసి అమ్మినా అడిగే చట్టం లేదు. 2021 ఫిబ్రవరిలో కేంద్రం బయోస్టిమ్యులెంట్లను, అంటే మొక్క ఎదుగుదలకు ఊపునిచ్చే ఇట్లాంటి సరుకులను, ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి తెచ్చింది. సముద్రపు పాచి రసాలూ అందులోకే వచ్చినాయి. ఒకప్పుడు దేశంలో దాదాపు 30,000 రకాలు అదుపు లేకుండా అమ్ముడుపోయేవనీ, తనిఖీలు బిగించినాక 650 దాకా మిగిలినాయనీ 2025 జూలైలో కేంద్ర వ్యవసాయ మంత్రే చెప్పినారు.

మామ: అంటే మన రైతు ఇన్నాళ్లూ కొన్నవాటిలో ఎక్కువ భాగం పరీక్షకు నిలవని సరుకే అన్నమాట.

అల్లుడు: అవును. ఆ దెబ్బ మంచి సరుకు అమ్మేవాడికీ తగిలింది. దొంగ సీసాల పాపాన్ని సముద్రపు పాచికి అంటగట్టొద్దు మామా. నేలకు పాచి వేయడం నిన్న మొన్నటి ముచ్చట కాదు. ఐర్లండ్ పడమట అరాన్ దీవుల్లో ఉత్త రాతి మీద ఇసుక, పాచి పొరలు పొరలుగా పరిచి మట్టిని తయారు చేసుకున్నారు. దాంట్లో ఉర్లగడ్డలు పండించినారు. రాతి మీద పంట తీసిన పాచి మన గరప నేలలో పనికిరాదా?

మామ: వాళ్ల గడప ముందర ఒడ్డుకు కొట్టుకొచ్చిన పాచిని మోసుకుపోయి వేసుకున్నారు. గాండ్లపెంట గడప ముందర ఉండేది పేడ, చెరువు మట్టి, కానుగాకు. మనది కానిదాన్ని సీసాలో కొని, మన దగ్గర ఉన్నదాన్ని దిబ్బలో ఎండబెడుతున్నాం. అదీ నా బాధ. అంతకన్నా పెద్ద ప్రశ్న ఆ సీసాకు అవతలి కొసన ఉంది. అక్కడ ఏం జరుగుతుందో ఎప్పుడన్నా ఆలోచించినావా?

అల్లుడు: ఆలోచించినా, అందుకే దాని పక్షాన మాట్లాడుతున్నా. మన సేద్యానికి నేల కావాల, బోరు కావాల, కరెంటు కావాల, ఎరువు కావాల. పాచి సేద్యానికి ఇవేవీ అక్కర్లేదు. వెదురు తెప్ప కట్టి, తాళ్లకు పాచి ముక్కలు ముడేసి, సముద్రంలో వదిలితే చాలు. 60 కిలోలు కడితే 45 రోజులకు 200 కిలోలు దాటుతుంది. తమిళనాడు రామనాథపురం తీరంలో 2000 తర్వాత పెప్సీ కంపెనీ ఒప్పంద సేద్యంగా మొదలుపెట్టింది. చేపలు తగ్గిపోయిన పల్లెల్లో ఆడవాళ్ల చేతికి డబ్బులొచ్చినాయి. ప్రపంచం 2020లో 3.5 కోట్ల టన్నుల పాచి పండించింది, సగానికి పైగా చైనాదే. వెయ్యి కిలోమీటర్ల దరిదాపు తీరమున్న ఆంధ్రలో మనమేమో ఒడ్డున కూర్చుని చూస్తున్నాం.

మామ: మన తీరం సంగతికి తర్వాత వద్దాం. ముందు ఆ కప్పాఫైకస్ కథ పూర్తిగా చెప్పుకుందాం. అది మన సముద్రంలో పుట్టింది కాదు. ఫిలిప్పీన్స్ వైపు పుట్టినదాన్ని 1980ల్లో పరిశోధన కోసం తెచ్చినారు. విత్తనంతో కాదు, ముక్కతో పెరుగుతుంది. అలకు తెగిన ముక్క ఎక్కడ ఆగితే అక్కడ చిగురిస్తుంది. మన్నార్ సింధుశాఖలో కురుసడై దీవి దగ్గర అది బతికున్న పగడాల మీదికి పాకి వాటిని కప్పేస్తోందని 2008లో కరెంట్ సైన్స్ పత్రికలో రాసినారు. వెలుతురు అందకపోతే పగడం చచ్చిపోతుంది. మన్నార్‌లో 21 దీవులను 1986లో జాతీయ పార్కుగా ప్రకటించింది ఇందుకేనా?

అల్లుడు: పరాయిదని తప్పు పడితే చెనక్కాయ మాత్రం తిమ్మమ్మ మర్రిమాను కింద పుట్టిందా మామా? దక్షిణ అమెరికా నుంచి రాలా? టమోటా రాలా? మిరపకాయ రాలా? వాటిమీద బతుకుతూ పాచిని వలసదని తిడితే ఎట్ల?

మామ: బాగా అడిగినావు. చెనక్కాయ నీ చేను గట్టు దాటి అడవిలోకి పాకి చెట్లను చంపుతోందా? లేదు. నువ్వు విత్తకపోతే రెండేళ్లకు కనపడదు. నేల మీద గట్టుంటుంది, సముద్రంలో ఉండదు. నా అభ్యంతరం పుట్టిన ఊరి గురించి కాదు, ఆపలేకపోవడం గురించి. ఇంకొకటి. ముక్కలతో పెంచిన పాచి అంతా ఒకే మొక్కకు నకళ్లు. 2013 తర్వాత నీళ్లు వేడెక్కి, జబ్బు తగిలి తమిళనాడు తెప్పల మీద పాచి కుప్పకూలింది. ఆ ఆడవాళ్లకు బీమా ఎవరిచ్చినారు?

అల్లుడు: పంట పోయిందని సేద్యమే మానుకుంటామా? మనకెన్ని కరువులు రాలా! ఇక్కడే మన్నార్ ఆడవాళ్ల ముచ్చట ఇంకొకటి చెప్పాల. తెప్పల సేద్యం కాదు, రాళ్ల మీద సొంతంగా మొలిచే పాచిని ముక్కు మూసుకుని మునిగి కోసుకొచ్చేవాళ్లు. జాతీయ పార్కు పేరు చెప్పి వాళ్లను తరిమినారు. వాళ్లు ఒక మాట మీదికొచ్చి నెలలో 12 రోజులే కోస్తాం, మిగతా రోజులు పాచి పెరగనిస్తాం అని కట్టుబాటు పెట్టుకున్నారు. పాంబన్ దగ్గరి చిన్నపాలెం నుంచి వాళ్ల తరఫున నిలబడిన మహిళకు 2015లో సీకాలజీ బహుమతి వచ్చింది. పుస్తకంలో చదివి సముద్రాన్ని కాపాడేవాళ్లు కొందరు. దాంట్లో మునిగి కాపాడేవాళ్లు వీళ్లు.

మామ: ఆ కట్టుబాటుకు నేను చేతులెత్తి మొక్కుతా. నీ సీసా వ్యాపారంలో లేనిదే అది. ఎక్కడ ఆగాలో వాళ్లకు తెలుసు. మార్కెట్టుకు తెలియదు. అగర్ తీసే జెలిడియెల్లా పాచిని గిరాకీ పెరిగేకొద్దీ ఊడ్చేసినారు. పండక్కి జెల్లీ చేసేదానికి మీ అత్త కొనే చైనా గ్రాస్ అదే జాతి సరుకు. ల్యాబులో సూక్ష్మజీవులను పెంచే పళ్లెంలో ఉండేదీ అదే. 1881 ప్రాంతంలో సూక్ష్మజీవుల శాస్త్రవేత్త కాఖ్ ప్రయోగశాలలో సహాయకుడి భార్య ఫానీ హెస్సే, వంటింట్లో జెల్లీ కోసం వాడే అగర్‌ను ప్రయోగాలకు వాడమని చెప్పింది. క్షయ క్రిమిని పట్టుకున్న రోజులవి. పాచి ఉపకారాన్ని నేను కాదనడం లేదు.

అల్లుడు: మరి దేన్ని కాదంటావు? సముద్రంలో పచ్చగా కనపడేదంతా ముట్టుకోవద్దంటావా?

మామ: అంతా కాదు. గడ్డిని ముట్టుకోవద్దంటా. పాచి వేరు, సముద్రపు గడ్డి వేరు. పాచికి వేరు లేదు, పువ్వు లేదు. రాతిని పట్టుకోవడానికి ఒక పట్టు మాత్రం ఉంటుంది, తిండి ఒంటి నిండా పీల్చుకుంటుంది. గడ్డి అట్ల కాదు. మన వరి, గరిక మాదిరి ఏకదళబీజ మొక్కే. వేరుంది, నేలలో పాకే కాండముంది, నీటి అడుగునే పూసి, నీటిలోనే పుప్పొడి పంచుకుని, కాయ కాస్తుంది. ప్రపంచంలో ఉన్నవి 70 రకాల దరిదాపే. మన దేశంలో పాక్ అఖాతం, మన్నార్ వాటికి పుట్టినిల్లు లాంటివి. సముద్రపు నేలలో వెయ్యికి రెండు పాళ్లు కూడా లేని ఈ గడ్డి మైదానాలు, ఏటా సముద్రం అడుగున పూడే కార్బన్‌లో దాదాపు పదో వంతును దాస్తున్నాయి. రొయ్య పిల్ల, చేప పిల్ల దాక్కొని పెరిగేది వీటిలోనే. సముద్రపు ఆవు రోజుకు 30, 40 కిలోలు మేసేదీ ఈ గడ్డినే. దానికోసమే తమిళనాడు 2022 సెప్టెంబరులో పాక్ అఖాతంలో 448 చదరపు కిలోమీటర్లను రక్షిత ప్రాంతం చేసింది.

అల్లుడు: అయినా మనుషులు ఆ గడ్డినీ వాడుకున్నారు గదా. డెన్మార్క్‌లో లేసో దీవిలో ఇండ్ల పైకప్పులకు సముద్రపు గడ్డి మందంగా కప్పినారు, వందల ఏళ్లు నిలబడినాయి. మెక్సికోలో సెరి జనం దాని గింజలను పిండి చేసుకుని తిన్నారు.

మామ: లేసో వాళ్లు కప్పింది ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఎండు గడ్డిని. సెరి వాళ్లు తిన్నది గింజను, పెరికింది లేదు. 1930లలో ఒక తెగులు వచ్చి అట్లాంటిక్ రెండు ఒడ్డులా ఆ గడ్డి చాలామటుకు తుడిచిపెట్టుకుపోయింది. లేసోలో పైకప్పు బాగు చేసుకుందామన్నా గడ్డి కరువైంది. పాచి నెలన్నరలో తిరిగి వస్తుంది. గడ్డి మైదానం పోతే పదుల ఏళ్లు పడుతుంది, ఒక్కోసారి రానే రాదు. 1879 నుంచి ఉన్న లెక్కలు చూసి, తెలిసిన గడ్డి మైదానాల్లో 29 శాతం మాయమైనాయని 2009లో శాస్త్రవేత్తలు తేల్చినారు. జాంజిబార్‌లో పాచి మళ్లు గడ్డి మీద కట్టినచోట గడ్డి పలచబడడం చూసినారు. నీడ పడుతుంది, తొక్కుడు పడుతుంది, మేకులు దిగుతాయి. నీ సీసాకు గిరాకీ పెరిగితే తెప్పలు ఎక్కడికి పాకుతాయి? కెరటం లేని, లోతు లేని చోటికే. గడ్డి ఉండేదీ అక్కడే.

అల్లుడు: దానికి జవాబు తెప్పలు వద్దనడం కాదు, ఎక్కడ కట్టాలో గీత గీయడం. గడ్డి లేనిచోట, పగడం లేనిచోట కట్టమను. మన ఆంధ్ర తీరంలో గడ్డి పెద్దగా లేదని నువ్వే ఒకసారి చెప్పినావు. మరి ఇక్కడ కట్టడానికి ఏం అడ్డం?

మామ: మన దగ్గర గడ్డి ఎందుకు పలచనో తెలుసా? గడ్డికి వెలుతురు కావాల. గోదావరి, కృష్ణ మోసుకొచ్చే బురద నీళ్లలో వెలుతురు అడుగుదాకా దిగదు. పులికాట్ సరస్సులో హాలోఫైలా రకం గడ్డి ఉంది. పాచికేమో పట్టుకోవడానికి రాయి కావాల. మన తీరమంతా ఇసుక, బురద. రాయి ఉండేది విశాఖ వైపు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఎం. ఉమామహేశ్వరరావు, టి. శ్రీరాములు ఆ రాళ్ల మీద ఆటుపోట్ల మధ్య ఏ పాచి ఏ ఎత్తున, ఏ నెలలో పెరుగుతుందో చూసి 1964లో జర్నల్ ఆఫ్ ఎకాలజీలో రాసినారు. ఉమామహేశ్వరరావే 1970లో భారతదేశపు ఆర్థిక ప్రాధాన్యమున్న పాచుల మీద పుస్తకం రాసినారు. జపాన్ వాళ్లు నోరి పేరుతో తినే పోర్ఫైరా జాతి పాచి విశాఖ రాళ్ల మీదా ఉంది. ఇంత చదువు ఆరు దశాబ్దాల కిందటే మనవాళ్లు చేసి పెట్టినారు.

అల్లుడు: చూసినావా, చదువు ఉంది, పాచి ఉంది, లేనిది ధైర్యమే! జపాన్‌లో నోరి సేద్యం గుడ్డిగా సాగేది, విత్తనం ఎక్కడి నుంచి వస్తుందో తెలీదు. 1949లో మాంచెస్టర్‌లో కాథలీన్ డ్రూ అనే ఆమె, ఆ పాచి బతుకులో ఒక దశ గుల్లల్లో దాక్కొని గడుస్తుందని కనిపెట్టింది. ఆ ఒక్క ముక్కతో సేద్యం నిలబడింది. ఆమె జపాన్‌కు అడుగు పెట్టలేదు, అయినా అక్కడ గుర్తుగా రాయి నిలబెట్టి ఏటా ఏప్రిల్ 14న పండగ చేసుకుంటారు. అట్లాంటిది విశాఖలో ఎందుకు జరగకూడదు?

మామ: జరగాలనే నా కోరిక కూడా. విశాఖ రాళ్ల మీద సొంతంగా పెరిగే రకాలతో, మన కెరటాలకు, తుపానులకు ఆగే పద్ధతితో జరగాల. పాక్ అఖాతం కుంట మాదిరి కదలకుండా ఉంటుంది, మన బంగాళాఖాతం అట్ల ఉండదు. పరాయి రకాన్ని తెచ్చి, సబ్సిడీ ఇచ్చి, రెండేళ్లకు వదిలేసే పథకంగా మాత్రం వద్దు. అల్లుడూ, ఇంకో సంగతి. మన వాగుల నీళ్లు చిత్రావతిలోనో పాపాఘ్నిలోనో పడి పెన్న గుండా నెల్లూరు దగ్గర సముద్రంలో కలుస్తాయి. నీ అంగట్లో కొన్న యూరియా ఎక్కువైతే, మన చేను గట్టు తెగితే, ఆ ఉప్పూ మట్టీ పోయేది ఆ దారినే. సముద్రం నుంచి మనం సీసా తెచ్చుకుంటే, మనం సముద్రానికి పంపేది బురద.

అల్లుడు: గట్టు గురించి అన్నది నిజం. గట్టు వేసుకుంటే మన్నూ మనకే మిగులుతుంది. కానీ మామా, నువ్వు చెప్పినవన్నీ విన్నాక కూడా సీసాను అర నుంచి తీయను. యూరియా కన్నా పాచి రసం నేలకు నయం. రామనాథపురంలో ఆడవాళ్లకు పని దొరికేది నేను అమ్మితేనే.

మామ: తీయమని నేనూ అనను. మూడు మాటలు చెప్తా, రైతుకు చెప్పి అమ్ము. ముందు పశువుల ఎరువు, మంచి విత్తనం, జిప్సం. డబ్బు మిగిలితేనే సీసా. రెండోది, బయోస్టిమ్యులెంటుగా ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కింద నమోదైన వివరం లేని సీసాను అరలో పెట్టొద్దు. మూడోది, కొట్టేటప్పుడు చేను మధ్యలో నాలుగు సాళ్లు వదిలిపెట్టమను. పెరికినప్పుడు ఆ సాళ్ల కాయ, కొట్టిన సాళ్ల కాయ విడివిడిగా తూకం వేయమను. 57 శాతమా, 5 శాతమా, సున్నానా అన్నది గాండ్లపెంట నేలే చెప్తుంది.

అల్లుడు: మొదటి రెండూ చెప్తా. మూడోది నా చేనిలోనే చేస్తా. తూకంలో తేడా వస్తే అప్పుడు నువ్వు కూడా కొనాల.

మామ: తేడా వస్తే కొంటా. ఆ పాచి ఏ తీరంలో పెరిగింది, తెప్ప కింద గడ్డి ఉందా లేదా అన్నది కంపెనీవాడు సీసా మీద రాసిన రోజున రెండు కొంటా.

ఇద్దరి వాదన అక్కడితో ఆగింది, తెగలేదు. పాచి సేద్యం తీరాన ఆడవాళ్లకు కూడు పెడుతుందన్న అల్లుడి మాటా నిజమే, గట్టు లేని సముద్రంలో ఏది నాటినా వెనక్కి తీయలేమన్న మామ మాటా నిజమే. ఈ రెండిటినీ కలిపి ఆలోచించాల్సింది ప్రభుత్వాలు. పాచి తెప్పలకు సబ్సిడీ ఇచ్చేముందు సముద్రపు గడ్డి ఎక్కడుందో పటం గీయాలి, అక్కడ తెప్ప కట్టనీయకూడదు. రైతు చేయగల పని అంతకన్నా చిన్నది, ఈ కారులోనే చేయగలిగింది: టానిక్కు కొనేవాళ్లు నాలుగు సాళ్లు కొట్టకుండా వదలండి, తూకం వేయండి, ఆ లెక్క పక్క రైతుకు చెప్పండి.